పచ్చిక మైదానాలకు నీరు, నిధులు: రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో

ప్రత్యేక వ్యాసం

క్రీడా మైదానాల నిర్వహణతో సంబంధం ఉన్న ప్రతి అధికారీ గుర్తుంచుకోదగిన తేదీ 2016 ఏప్రిల్ 13. మహారాష్ట్ర తీవ్ర కరవులో చిక్కుకుని, లాతూరు పట్టణానికి రైలులో తాగునీటిని తరలిస్తున్న రోజులవి. ఆ నెల 30వ తేదీ తరువాత రాష్ట్రంలో జరగవలసిన ఐపీఎల్ క్రికెట్ మ్యాచ్‌లను వెలుపలి ప్రాంతాలకు తరలించవలసిందిగా బొంబాయి ఉన్నత న్యాయస్థానం ఆ రోజున ఆదేశించింది. తరలిన మ్యాచ్‌లలో 6 మన విశాఖపట్నానికి వచ్చాయి. మే 8 నుంచి 21 వరకు పోతినమల్లయ్యపాలెంలోని స్టేడియంలో ముంబై, పుణె జట్లు తమ సొంత మైదానపు మ్యాచ్‌లను ఆడాయి.

విశాఖ క్రీడాభిమానులకు అది అనుకోని పండుగే. అయితే ఈ ఉదంతంలో పాత్రికేయులు అంతగా దృష్టి సారించని అంశం ఒకటున్నది. విచారణ జరుగుతుండగా, మంచినీటిని వాడబోమని, ముంబై గుర్రపు పందేల మైదానానికి చెందిన క్లబ్బు నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని తీసుకుని పచ్చికను తడుపుతామని నిర్వాహకులు న్యాయస్థానానికి విన్నవించుకున్నారు. ఆ హామీ మ్యాచ్‌లను అక్కడ నిలుపలేకపోయింది. నీటి ఏర్పాటు ఎండాకాలం నడిమధ్యన, వ్యాజ్యం నడుస్తుండగా చేసుకోవలసి రావడంతో ఆయా మైదానాలు ఆ ఏటి ఆదాయాన్ని కోల్పోయాయి. ఫలానా చోటి నుంచి, తాగునీటితో పోటీ లేకుండా, ఇంత నీరు మాకు వస్తున్నదని ముందుగానే కాగితంపై చూపలేని పచ్చిక మైదానానికి ఆర్థిక భద్రత కూడా ఉండదని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

ప్రసార హక్కుల ద్వారా కోట్లు ఆర్జించే పెద్ద స్టేడియాలు అటువంటి నష్టాన్ని తట్టుకోగలవు. పురపాలక సంఘాల ఆధీనంలోని స్టేడియాలు, ప్రభుత్వ కళాశాలల ఆటస్థలాలు, జిల్లా కేంద్రాల్లోని క్రీడా ప్రాంగణాల సంగతి వేరు. అక్కడ నీరు లేకపోతే ఏ న్యాయస్థానమూ ఉత్తర్వు ఇవ్వనవసరం లేదు. మొదటి వేసవిలో పచ్చిక పోతుంది, రెండవ ఏడు మట్టి లేస్తుంది, మూడవ ఏడు వాహనాలు నిలుపుకోవడానికి అనుమతి అడుగుతారు, ఆ తరువాత ఏదో ఒక భవనానికి స్థలం కావలసి వస్తుంది. రుసుము చెల్లించి ప్రైవేటు అకాడమీలో చేరగలిగిన పిల్లలకు దీనివల్ల కలిగే నష్టం స్వల్పం. చేరలేని పిల్లలకు మాత్రం ఊరిలో పరుగెత్తడానికి మెత్తని నేల మిగలదు.

ఎంత నీరు కావాలి?

మైదానం నీటి అవసరాన్ని లెక్కగట్టడానికి ఇంజినీరింగ్ పట్టా అవసరం లేదు. ఆర్ట్స్ చదివి ఈ శాఖలో చేరిన ఈ రచయితకు సైతం బోధపడిన లెక్క ఇది: ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది ఒక లీటరు.

అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీ దూరం సుమారు 59 నుంచి 82 మీటర్ల మధ్య ఉండాలి. సగటున 70 మీటర్ల వ్యాసార్ధం గల మైదానాన్ని తీసుకుంటే విస్తీర్ణం దాదాపు 15,400 చదరపు మీటర్లు. మే నెలలో మన ప్రాంతంలో పచ్చిక నుంచి, దాని కింది నేల నుంచి రోజుకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల మేర నీరు ఆవిరవుతుంది. 5 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ మైదానం రోజు అవసరం 77,000 లీటర్లు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఫుట్‌బాల్ మైదానానికైతే 35,700 లీటర్లు చాలు.

ఈ 77,000 లీటర్లు ఎంతటి పరిమాణమో ఊహించడానికి జల్ జీవన్ మిషన్ ప్రమాణం ఉపకరిస్తుంది. గ్రామీణ ప్రాంతంలో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున నీరు అందించాలన్నది ఆ పథకం లక్ష్యం. ఆ లెక్కన ఒక క్రికెట్ మైదానం మే నెలలో ఒక రోజు తాగే నీరు 1,400 మంది గ్రామస్థుల ఒక రోజు అవసరానికి సమానం. మైదానాల నిర్వాహకులు ఈ పోలికను చూసి నొచ్చుకోనవసరం లేదు, దాచనవసరం అంతకన్నా లేదు. ఊరిలో కుళాయిలు ఎండిన నాడు ప్రజలు వేసే ప్రశ్న ఇదే గనుక, సమాధానం ముందుగానే సిద్ధంగా ఉండడం మేలు.

ఈ సందర్భంగా పాత్రికేయ మిత్రుల దృష్టికి ఒక సవరణ. “పిచ్ తడపడానికి లక్షల లీటర్లు” అన్న శీర్షిక ప్రతి వేసవిలోనూ కనిపిస్తూనే ఉంటుంది. పిచ్ అనేది 20.12 మీటర్ల పొడవు, 3.05 మీటర్ల వెడల్పు గల చిన్న పట్టీ. దాని విస్తీర్ణం 61 చదరపు మీటర్లు మాత్రమే. నల్లరేగడితోనో, ఎర్రమట్టితోనో గట్టిగా రూపొందించే ఆ పట్టీకి పట్టే నీరు చాలా తక్కువ. లక్షల లీటర్లు తాగేది దాని చుట్టూ ఉన్న పచ్చిక. పొదుపు చర్యలు తీసుకోవలసినదీ అక్కడే.

వినాయకుని గరికే ఆటగాళ్ల పచ్చిక

వినాయక చవితి నాడు 21 పత్రాలలో దూర్వాయుగ్మంగా సమర్పించే గరికే ప్రపంచవ్యాప్తంగా ఉష్ణ ప్రాంతాల క్రీడా మైదానాలలో ప్రధానమైన పచ్చిక. వ్యాపార రంగంలో దీనిని బెర్ముడా గడ్డి అంటారు. మైదానాలలో వేసే సంకర రకాలు సన్నని ఆకులతో ఒత్తుగా అల్లుకుపోయేటట్లు రూపొందించినవే అయినా వాటి స్వభావం మన పొలం గట్టు మీది గరిక స్వభావమే. నీరు తగ్గితే అది చచ్చిపోదు. రంగు మార్చుకుని, భూమిలోని కాడలలో ప్రాణం దాచుకుని, వాన పడగానే చిగురిస్తుంది. రైతులకు అది ఎంతటి మొండి కలుపో, క్రీడా నిర్వాహకులకు అంతటి నమ్మకమైన పచ్చిక.

ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ పేర్కొనదగినది. 1997 నుంచి 2009 వరకు ఆ దేశపు ఆగ్నేయ ప్రాంతాన్ని పీడించిన దీర్ఘకాల కరవులో మెల్‌బోర్న్ పరిసరాలలోని స్థానిక మైదానాలకు నీటి వాడకంపై కఠిన ఆంక్షలు వచ్చాయి. 2007 ప్రాంతంలో అనేక మైదానాలు ఎండి గట్టిపడి ఆటకు పనికిరాకుండా పోయాయి. అక్కడి స్థానిక సంస్థలు చల్లని వాతావరణపు గడ్డిని తొలగించి వేసవిని తట్టుకునే రకాలకు మారాయి. వాటిలో ముఖ్యమైనది, అక్కడివారు కూచ్ అని పిలిచేది, మన గరికే. వారు కరవులో వెతుక్కుని తెచ్చుకున్నది మనకు పెరట్లోనే ఉన్నది. అయినా మైదానం ఎప్పుడూ పచ్చగా కనిపించాలనే పట్టుదలతో, అవసరానికి మించి దానికి నీరు పెడుతున్నాము.

గరికకు ఆవిరి నష్టంలో 70 శాతం మేర నీరందిస్తే ఆటకు తగినంత పట్టు నిలుస్తుంది. రంగు కొంత తగ్గవచ్చు. ఫిబ్రవరి నుంచి మే వరకు 120 రోజులకు సగటున రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున మన క్రికెట్ మైదానం పూర్తి అవసరం దాదాపు 74 లక్షల లీటర్లు. 70 శాతంతో సరిపెడితే 52 లక్షల లీటర్లు చాలు. మిగిలిన 22 లక్షల లీటర్లు కేవలం కంటికి ఇంపైన రంగు కోసం చెల్లిస్తున్న మూల్యమని భావించవచ్చు.

రోజూ పైపైన చల్లడం కన్నా రెండు మూడు రోజులకొకసారి లోతుగా తడపడం, వేసవిలో గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచి కత్తిరించడం, తెల్లవారుజామున నీరు పెట్టడం అనేవి అనుభవజ్ఞులైన మాలీలందరికీ తెలిసిన విషయాలే. తెలియనిది మరొకటున్నది.

డబ్బాల పరీక్ష

స్ప్రింక్లర్లు తిరుగుతున్నంత మాత్రాన నీరు సమంగా పడుతున్నదని అనుకోవడం పొరపాటు. ఒకే కొలత గల ఖాళీ డబ్బాలు ఓ 20 సేకరించి, మైదానంలో సమాన దూరాలలో ఉంచి, అరగంట సేపు స్ప్రింక్లర్లు తిప్పి, ఒక్కొక్క డబ్బాలో పడిన నీటి ఎత్తును స్కేలుతో కొలవాలి. తక్కువ నీరు పడిన 5 డబ్బాల సగటును మొత్తం 20 డబ్బాల సగటుతో పోల్చాలి. అది సగమే ఉన్నట్లయితే, ఎండుతున్న ఆ పావు వంతు భాగాన్ని బ్రతికించడానికి నిర్వాహకులు మైదానమంతటికీ రెట్టింపు సమయం నీరు పెడుతున్నారన్నమాట. అరిగిన నాజిళ్లు మార్చడం, వంగిన గొట్టాలు నిటారుగా నిలపడం, పంపు పీడనం సరిచూడడం వంటి చిన్న పనులతో ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. కొత్త బోరు వేయించాలన్న ప్రతిపాదన పంపే ముందు ఈ పరీక్ష జరిగిందా అని జిల్లా క్రీడాభివృద్ధి అధికారులు ఒకసారి విచారించడం ఉచితంగా ఉంటుంది. పరీక్షకయ్యే ఖర్చు ఖాళీ డబ్బాలు, ఒక ఉదయం.

నీరు ఎక్కడి నుంచి?

బోరుబావి మన మైదానాలకు అలవాటైన వనరు. అలవాటైనదే గాని చవకైనది కాదు. 77,000 లీటర్లను 100 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి, మోటారు సామర్థ్యం సగంలోపు ఉన్నదనుకుంటే, సుమారు 45 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. అదే నీరు 10 మీటర్ల లోతున ఉంటే అందులో పదో వంతు చాలు. అంటే భూగర్భ జలమట్టం పడిపోయిన కొద్దీ మైదానం విద్యుత్ బిల్లు దానంతటదే పెరుగుతూ పోతుంది. దీనికి తోడు ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం, 2002, అందరికీ పరిచయమైన పేరులో వాల్టా, బోరుబావుల నమోదును నిర్దేశిస్తున్నది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు ఇతర అవసరాలకు కొత్త బావి తవ్వడంపై ఆంక్ష ఉన్నది. పట్టణం నడిబొడ్డున ఉండే మైదానాలు ఈ పరిధిలోకి వచ్చే అవకాశం ఎక్కువ గనుక స్థల పరిశీలన సమయంలోనే చూసుకోవడం అవసరం.

వర్షపు నీటి విషయంలో చాలామంది చేసే పొరపాటు, మన మెట్ట జిల్లాలలో వాన చాలదని ముందే నిర్ణయించుకోవడం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంత తక్కువ వానలో కూడా మన 15,400 చదరపు మీటర్ల మైదానంపై పడే నీరు దాదాపు 85 లక్షల లీటర్లు. వేసవి పూర్తి అవసరం 74 లక్షల లీటర్లని పైన చూశాము. వాన చాలకపోవడం కాదు సమస్య. అది పడే నెలలు వేరు, కావలసిన నెలలు వేరు. పైగా అందులో అధిక భాగం నేలలోకి ఇంకుతుంది, కొంత మురుగు కాలువ పాలవుతుంది. అందుచేత నిజంగా పట్టి నిలుపుకోగలిగినది పైకప్పుల మీది నీరు, మైదానం అంచు కాలువలలో చేరే నీరు. 1,000 చదరపు మీటర్ల గ్యాలరీ పైకప్పు నుంచి, 20 శాతం నష్టపోయినా, అనంతపురం వంటి చోట కూడా ఏడాదికి 4 లక్షల 40 వేల లీటర్లు వస్తాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 88.

ఆ అనంతపురంలోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా ప్రాంగణంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. దేశవాళీ అగ్రశ్రేణి ఆటగాళ్లు దిగిన ఆ పచ్చికను చూసిన వారెవరూ మెట్ట ప్రాంతంలో పచ్చిక మైదానం అసాధ్యమని ఇక అనలేరు.

నిల్వకు కుంట కావాలి. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల కుంటలో 10 లక్షల లీటర్లు పడతాయి. అయితే పైకప్పు లేని కుంట నుంచి ఒక్క వేసవిలోనే దాదాపు మీటరు లోతు నీరు ఆవిరైపోతుంది. కనుక వెడల్పు తగ్గించి లోతు పెంచడం, అడుగున పొర వేయించడం, వీలైతే పైన నీడ వల కట్టించడం శ్రేయస్కరం. స్థలం లేని చోట ఇంకుడు గుంతలే శరణ్యం. 2000లో ప్రారంభమైన నీరు-మీరు కార్యక్రమంలో అనేక ప్రభుత్వ కార్యాలయాల, పాఠశాలల ఆవరణలలో ఇంకుడు గుంతలు తవ్వారు. వాటిలో పూడిక తీయనివి ఎన్నో ఉన్నాయి. కొత్తవి తవ్వే ముందు పాతవాటి మూతలు తెరిచి చూడడం మంచిది.

అన్నిటికన్నా నమ్మదగిన వనరు మాత్రం ఊరి మురుగునీరే. కరవు వచ్చినా రాకున్నా, పట్టణం ఉన్నంతకాలం అది ఉంటుంది. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం పక్కనున్న యారా పార్కులో 2012లో భూగర్భ శుద్ధి కేంద్రాన్ని నిర్మించి, సమీపంలోని మురుగు గొట్టం నుంచే నీరు తీసుకుని శుద్ధి చేసి వాడుతున్నారు. అంత దూరం వెళ్లనవసరం లేదు. చండీగఢ్‌లో శుద్ధి చేసిన నీటిని ఉద్యానాలకు, పచ్చిక బయళ్లకు అందించే ప్రత్యేక గొట్టపు మార్గం ఉన్నది. 2024 మార్చిలో బెంగళూరు నగరం నీటి ఎద్దడిని ఎదుర్కొన్నప్పుడు చిన్నస్వామి స్టేడియానికి కబ్బన్ పార్కులోని శుద్ధి కేంద్రం నుంచి నీరు ఇవ్వడానికి నగర జలమండలి అంగీకరించింది, మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. 2016 నాటి ముంబై, పుణెల అనుభవాన్ని దీని పక్కన ఉంచి చూడవచ్చు.

శుద్ధి చేసిన నీరు అనగానే పిల్లల ఆరోగ్యం గురించి తల్లిదండ్రులకు కలిగే సందేహం సహేతుకమైనది. దానిని తేలికగా తీసుకోరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 మార్గదర్శకాలలో క్రీడా మైదానాలను అత్యంత జాగ్రత్త వహించవలసిన తరగతిలో చేర్చి, 100 మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధ కోలిఫాం బాక్టీరియా 1,000కి మించరాదని, ప్రజలు నేరుగా తాకే పచ్చిక బయళ్లకు 200కి మించరాదని సూచించింది. 2006లో ఆ మార్గదర్శకాలను సవరించినప్పటికీ పరీక్ష నివేదికను చదవడానికి ఈ సంఖ్యలు మంచి కొలబద్దలు. వడపోత, క్లోరినేషన్ తరువాతే నీరు తీసుకోవడం, రాత్రి వేళ తడిపి ఉదయం ఆటకు ముందు ఆరనివ్వడం, ఆ గొట్టాలకు ఊదారంగు వేసి తాగునీటి గొట్టాలతో ఎక్కడా కలపకపోవడం తప్పనిసరి. నెలకొకసారి వచ్చే నీటి పరీక్ష నివేదికను మైదానం ద్వారం వద్ద అతికించిన నాడు సగం సందేహాలు అక్కడే తీరుతాయి.

ఉప్పదనం విషయంలో గరిక ఓర్పు చాలా పంటల కంటే ఎక్కువ. ఎరువు కూడా కలిసి వస్తుంది. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉన్నదనుకుంటే 74 లక్షల లీటర్లతో 74 కిలోల నత్రజని నేలకు చేరుతుంది. అది 45 కిలోల యూరియా బస్తాలు మూడున్నరకు సమానం. నీటిలో వచ్చిన దానిని లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ యూరియా చల్లితే గడ్డి అతిగా పెరిగి, కోతకు డీజిలు ఖర్చు పెరుగుతుంది.

అద్దె వచ్చింది, పచ్చిక పోయింది

ఇక నిధుల విషయం. చాలా ఏళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తుండగా అక్కడి మైదానాన్ని 45 రోజుల పాటు ప్రదర్శనకు అద్దెకిచ్చారు. సంస్థకు వచ్చిన అద్దె మొత్తాన్ని ప్రముఖంగా పేర్కొంటూ పత్రికా ప్రకటన రాసినది ఈ రచయితే. లారీల చక్రాల కింద, దుకాణాల చెక్క పలకల కింద ఉన్న పచ్చిక ఏమైందన్న వాక్యం అందులో లేదు. ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ప్రదర్శన ముగిసిన తరువాత నేల రాయిలా గట్టిపడి, పోసిన నీరు ఇంకక పక్కకు జారిపోయేది. ఆ వేసవిలో ట్యాంకర్లకు, నేల దున్నించి మళ్లీ గడ్డి నాటించడానికి అయిన ఖర్చు వేరే పద్దులో పడింది. ఆ రెండు పద్దులను ఒకచోట చేర్చి చూసినవారు లేరు. ఉదయం సాధన చేసుకునే పిల్లలు ఆ ఏడాదంతా రైల్వే స్థలంలో పరుగెత్తారు.

అద్దెకు ఇవ్వరాదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. చిన్న మైదానాలకు అది ఒక్కటే పెద్ద ఆదాయం. ఒప్పందంలో అద్దెకు తోడు పునరుద్ధరణ నిమిత్తం విడిగా ధరావతు తీసుకోవాలి. లారీలు ఏ దారిన రావాలో, ఏ భాగంలో పలకలు పరచరాదో నిర్దేశించాలి. ఆట జరగని రోజులను కూడా ఖర్చుగా రాసుకోవాలి. ఇవన్నీ కలిపిన తరువాత కూడా అద్దె లాభదాయకమైతే సంతోషంగా ఇవ్వవచ్చు.

అందుకు ముందు తెలియవలసినది ఒక గంట ఆటకు అయ్యే అసలు ఖర్చు. ఉదాహరణకు నీరు, విద్యుత్తు, మాలీల వేతనాలు, కోత యంత్రం, ఎరువు, మరమ్మతులు కలిపి ఏడాదికి రూ.12 లక్షలు అవుతున్నాయని, మైదానం 1,000 గంటల ఆటను తట్టుకుంటుందని అనుకుందాం. గంటకు రూ.1,200. రెండు జట్ల 22 మందికి పంచితే ఒక్కొక్కరికి దాదాపు రూ.55. కార్పొరేట్ ఉద్యోగుల వారాంతపు పోటీలకు ఈ మొత్తానికి రెండింతలు వసూలు చేసినా వారు ఇస్తారు. ప్రభుత్వ పాఠశాలల పిల్లల నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోనవసరం లేదు. అయితే వారికి ఉచితంగా ఇచ్చిన ప్రతి గంటనూ రూ.1,200 చొప్పున పుస్తకంలో రాసి, ఆ మొత్తాన్ని క్రీడా ప్రోత్సాహం కింద పురపాలక సంఘం బడ్జెట్టులో చూపాలి. పుస్తకంలో కనిపించని ఉచితాన్ని నిధుల కొరత వచ్చిన మొదటి సంవత్సరమే రద్దు చేస్తారు. రూపాయల్లో రాసిన దానిని రద్దు చేయాలంటే కౌన్సిల్‌లో ఎవరో ఒకరు లేచి కారణం చెప్పవలసి వస్తుంది.

1,000 గంటలన్న పరిమితి కూడా ముఖ్యమైనదే. గడ్డి కోలుకోవడానికి వ్యవధి ఇవ్వకుండా ఉదయం నుంచి రాత్రి వరకు ఆడించే మైదానం ఆదాయం తెచ్చినట్లే కనిపించి, ఆ మూలధనాన్నే తింటుంది. గోల్ స్తంభాల ముందు, బౌలర్లు పరుగెత్తే చోట ముందుగా గడ్డి పోతుంది గనుక సాధన వలలను, చిన్నపిల్లల గోల్ స్తంభాలను వారం వారం జరుపుతూ ఉండాలి.

ఖర్చు తగ్గించడంలో విద్యుత్తుకు ప్రత్యేక స్థానం ఉన్నది. చిన్నస్వామి స్టేడియం 2015లోనే పైకప్పుపై సౌర ఫలకాలు అమర్చుకున్నది. మన జిల్లా స్టేడియాల గ్యాలరీ కప్పులు ఆ స్థాయివి కాకపోవచ్చు. పగటి పూట కుంటను నింపే పంపు నడవడానికి అంత పెద్ద ఏర్పాటు అవసరమూ లేదు. ట్యాంకర్లపై ఆధారపడే మైదానం పరిస్థితిని దీనితో పోల్చి చూడండి. ట్యాంకరు రూ.600 అనుకున్నా, రోజుకు 15 ట్యాంకర్ల చొప్పున నెలకు రూ.2 లక్షల 70 వేలు. పై ఉదాహరణలోని ఏడాది ఖర్చులో దాదాపు నాలుగో వంతు ఒక్క నెలలో కరిగిపోతుంది.

కృత్రిమ పచ్చిక వేస్తే ఈ బాధలన్నీ తీరుతాయన్న వాదన తరచుగా వినిపిస్తున్నది. ఎక్కువ గంటల ఆటను అది తట్టుకుంటుందన్నది నిజం. అయితే 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి హాకీ కృత్రిమ ఉపరితలానికి మారగా, ఆ తరువాత ఉన్నత స్థాయి పోటీలకు వాడుకలోకి వచ్చిన రకాలను ఆటకు ముందు నీటితో తడపవలసి వచ్చింది. ఫుట్‌బాల్ కృత్రిమ పచ్చిక మన ఎండకు సహజ పచ్చికకన్నా ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది, మధ్యాహ్నం ఆడాలంటే దానినీ చల్లబరచవలసిందే. అందులో నింపే సూక్ష్మ ప్లాస్టిక్ రేణువుల అమ్మకంపై యూరోపియన్ యూనియన్ 2023లో నిషేధం ప్రకటించి, మైదానాలకు 8 ఏళ్ల గడువు ఇచ్చింది. కొన్నేళ్లకొకసారి దానిని మార్చడానికి అయ్యే ఖర్చును కూడా అంచనాలలో చేర్చిన తరువాతే ఆ మార్గాన్ని పరిశీలించడం సముచితం.

మైదానం నీటి గొట్టానికి ఒక మీటరు, కార్యాలయంలో ఒక రిజిస్టరు ఉంటే ఈ లెక్కలన్నీ ప్రారంభించవచ్చు. రిజిస్టరులో నాలుగు గడులు చాలు: తేదీ, వాడిన నీరు, అది వచ్చిన వనరు, ఆ రోజు ఆడిన గంటలు. ఫిబ్రవరిలో ఎండలు ముదరక ముందే దీనిని తెరిస్తే మే నెలలో జిల్లా కలెక్టరు సమీక్షకు గాని, పాత్రికేయుల ప్రశ్నకు గాని వెతుక్కోవలసిన పని ఉండదు. మీటరు లేని చోట పంపు నడిచిన గంటలను రాసుకుని, ఒక డ్రమ్ము నిండడానికి పట్టే సమయాన్ని బట్టి లెక్కగట్టడం తాత్కాలికంగా సరిపోతుంది.